అప్‌డేట్: స్టీలు గిన్నెతో పాప ఫొటో కుదిరింది

మూడేళ్ల మా పాప తలపై స్టీలు గిన్నె బోర్లించుకుని ఆడుతుంటే ఫొటో తీయబోయాననీ, ఫ్లాష్ పడిన చోటల్లా తెల్లటి మచ్చలే మిగిలాయనీ, పైగా గిన్నెలో నేనే కనిపిస్తున్నాననీ గతవారం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందు ఫ్లాష్ ఆపేశాను. కర్నూలు ఎండ సంగతి తెలిసిందే, పది గంటలకే కిటికీలోంచి కత్తిలా దూసుకొస్తుంది. నాన్న తెల్ల పంచెను రెండు మడతలు వేసి కిటికీకి అడ్డంగా కట్టాను. గిన్నె మీద నిప్పుకణంలా మెరిసిన చుక్క కాస్తా పొడవాటి పాల చారలా మారింది. అసలు కిటుకంతా ఇదే: మెరిసే వస్తువు మీద ఎంత వెలుగు పడుతోందన్నది కాదు, దానికి ఎదురుగా ఏముందన్నది చూసుకోవాలి. గుండ్రటి గిన్నె గదినంతా తనలో చూపిస్తుంది కాబట్టి నేను పూర్తిగా మాయం కాలేను. నల్ల చొక్కా వేసుకుని, వెనక్కి జరిగి, దూరం నుంచే దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సు వాడితే బొట్టంత అయ్యాను. పోలరైజర్ (మెరుపును తగ్గించడానికి లెన్సు ముందు బిగించే ఫిల్టర్) కొనమన్నవారు మన్నించాలి. నీటి మీద, గాజు మీద అది పనిచేస్తుంది కానీ లోహం మీది మెరుపును తగ్గించడం దానివల్ల కాదు.

పాప కుదురుగా ఉండదు కదా, కదలిక మసకబారకుండా షటర్ వేగం సెకనులో 1/500 వంతు, వెలుగు చాలడానికి ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 800 పెట్టాను. నేల మీద బోర్లా పడుకుని తన కళ్ల ఎత్తులో తీశాను. గిన్నె పక్కకు ఒరగగానే (ఒరగనిచ్చింది తనే, నా గొప్పేమీ లేదు) ఒక కన్ను అంచు కింద దాక్కుంది, రెండో కంట్లో కిటికీ మెరిసింది. 40 ఫొటోల్లో అదొక్కటే నిలిచింది.

గిన్నెకు మాత్రం సొట్ట పడింది. అమ్మకు ఇంకా చెప్పలేదు.