ఈఎండీఆర్ థెరపీ అని చేరాను, మూడు సెషన్లయినా ఇంకా ప్రిపరేషనే. డబ్బులు దండగేనా?

మలక్‌పేట_మేడ:
రెండేళ్ల కింద రాత్రిపూట స్కూటీ మీద వస్తుంటే ఎల్బీనగర్ దగ్గర లారీ కొట్టింది. వెనక కూర్చున్న ఫ్రెండ్ పోయింది, నేను మిగిలాను. ఇప్పటికీ లారీ బ్రేకు "ఫుస్స్" మంటే చేతులు చల్లబడిపోతాయి. డాక్టర్ ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ, థెరపిస్టు అటూ ఇటూ కదిపే వేలిని కళ్ళతో అనుసరించే థెరపీ) చేయించుకోమంటే అమీర్‌పేటలో ఒక సైకాలజిస్టు దగ్గర చేరాను. సెషన్‌కి రెండు వేలు, ఇప్పటికి మూడయ్యాయి, ఆవిడ ఇంకా వేలు కూడా కదపలేదు. ఊపిరి తీసుకోవడం, ప్రశాంతంగా ఉండే ఒక చోటు ఊహించుకోవడం, మిగిలిపోయిందాన్ని పెట్టెలో పెట్టి మూతేసినట్టు అనుకోవడం, ఇవే. డైరెక్టుగా మొదలుపెట్టండి అని అడగొచ్చా?

లెక్కల_సారు:
అడగడమెందుకమ్మా, మానెయ్. వేలు అటూ ఇటూ ఊపితే బాధ పోయేట్టయితే మా చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ రోజుకి వెయ్యి మందికి నయం చేస్తున్నట్టే.

బోడుప్పల్_పోరడు:
రెండు వేలా?? మా దోస్తుకు పదిహేను వందలే తీస్కున్నరు

మౌనిక_కెపిహెచ్‌బీ:
నేను చేయించుకున్నాను కాబట్టి చెప్తున్నా. మొత్తం ఎనిమిది దశలు, అందులో రెండోదే ఈ ప్రిపరేషన్, కొంతమందికి ఒక్క సెషన్‌లో అయిపోతుంది, నాకు ఐదు పట్టింది. ఆ జ్ఞాపకం తెరిచాక మధ్యలో తట్టుకోలేకపోతే వెనక్కి రావడానికి ఒక దారి ఉండాలి కదా, అదే ఇప్పుడు వేస్తున్నారు. ఆపమని చెయ్యెత్తే సైగ కూడా ముందే ప్రాక్టీస్ చేయిస్తారు. ఆ సీన్ తలుచుకుంటే సున్నా నుంచి పది వరకు ఎంత బాధ అని అడుగుతారు, నేను తొమ్మిదన్నాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని బయట పోయేవన్నీ చూస్తున్నట్టు ఉండమంటారు, దిగి పరిగెత్తొద్దు. జ్ఞాపకం చెరిగిపోదు, అది తలుచుకున్నప్పుడు పట్టుకునే పట్టు సడలుతుంది అంతే.

లెక్కల_సారు:
ఇవన్నీ సరే, వేలు సంగతి చెప్పండి. ఫ్రాన్సిన్ షపీరో అనే ఆవిడకి 1987లో పార్కులో నడుస్తుంటే కళ్ళు అటూ ఇటూ తిరిగాయట, మనసు తేలికపడిందట, 1989లో పేపర్ రాసిందట. కళ్ళు కదపకపోయినా అంతే ఫలితం వస్తుందని వాదించే రీసెర్చర్లు ఉన్నారు, చూసుకోండి.

మౌనిక_కెపిహెచ్‌బీ:
ఉన్నారు, ఆ గొడవ ఇంకా తేలలేదు. మనసుకి ఒకేసారి రెండు పనులుంటే జ్ఞాపకం అంత గాఢంగా ఉండలేదని ఒక వివరణ. కానీ పీటీఎస్‌డీకి (ప్రమాదం లాంటిది జరిగాక ఆ భయం మనసుని వదలకపోవడం) ఈఎండీఆర్ వాడొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2013లోనే చెప్పింది. నాకైతే కళ్ళు తిరుగుతాయని వేలు మానేసి చేతుల మీద తట్టేవారు. వేలు వేలు అని మీరే పట్టుకుని వేలాడుతున్నారు సార్.

నర్స్_అక్క_ఉప్పల్:
మీ గొడవలో పడి ఆ అమ్మాయిని మర్చిపోయారు. అసలు సెషన్ రోజు గంటన్నర దాకా పట్టొచ్చు, తర్వాత తల మొద్దుబారినట్టుంటుంది, బండి నడపొద్దు. ఆ వారం పీడకలలు, పాత విషయాలు ఎక్కువ రావొచ్చు, రాసిపెట్టుకుని ఆవిడకి చూపించు. మందులు వాడుతుంటే సొంతంగా మానొద్దు. రాత్రిపూట మరీ కష్టంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

లెక్కల_సారు:
చూశారా, పీడకలలు వస్తాయని మీరే అంటున్నారు! ఉన్న బాధ చాలదా, డబ్బులిచ్చి మరీ తవ్వించుకోవాలా?

మౌనిక_కెపిహెచ్‌బీ:
మీరు ఒక్కసారైనా ఆ కుర్చీలో కూర్చున్నారా సార్? లేదు కదా. ఊరికే ఎందుకు భయపెడతారు?

లెక్కల_సారు:
నేను కూర్చోలేదు, మా తమ్ముడు కూర్చున్నాడు. ఎవరో ఆన్‌లైన్ కౌన్సెలర్, ఏం చదువుకుందో తెలీదు, మొదటి రోజే చిన్నప్పటివన్నీ కెలికేసి టైమైపోయిందని ఫోన్ పెట్టేసింది. వాడు వారం నిద్రపోలేదు, నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాడు, ఇప్పుడు నాతో మాట్లాడట్లేదు. ఇంకేం కావాలి మీకు?

మౌనిక_కెపిహెచ్‌బీ:
అయ్యో సార్. కానీ ప్రిపరేషన్ లేకుండా తెరిస్తే ఏమవుతుందో మీరే చెప్పారు కదా. ఆ కౌన్సెలర్‌కి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, ఈఎండీఆర్ ట్రైనింగ్ ఉందా ఎవరైనా అడిగారా? పైగా ఈఎండీఆర్‌లో జరిగిందంతా విడమరిచి చెప్పనక్కర్లేదు కూడా, మనసులో పట్టుకుంటే చాలు.

లెక్కల_సారు:
రిజిస్ట్రేషన్ సంగతి వదిలెయ్యండమ్మా. నాన్న బెల్టు తీసేవాడని నాకు తెలీదా? నేనూ అదే ఇంట్లో పెరిగాను. వాడు నాకు ఒక్క ముక్క చెప్పకుండా ముక్కూమొహం తెలీని మనిషికి చెప్పాడు.

బోడుప్పల్_పోరడు:
గంటసేపు వేలు మీద కొట్లాడింది గిందుకా సారూ

నర్స్_అక్క_ఉప్పల్:
నువ్వు ఊరుకో తమ్ముడూ. సార్, మీకే చెప్తే ఏమనేవారు?

లెక్కల_సారు:
(రెండు గంటల తర్వాత) "అందరిళ్లలో ఉండేదేరా" అనేవాణ్ణేమో.

మలక్‌పేట_మేడ:
ఇప్పుడే చూశాను అన్నీ. ఇవాళ ఆవిడని అడిగేశాను, ఎందుకింత ఆలస్యం అని. నేను ప్రశాంతమైన చోటు అని ట్యాంక్‌బండ్ చెప్పాను కదా, ఊహించుకుంటున్న ప్రతిసారీ పక్కనుంచి హారన్ వస్తోంది, భుజాలు బిగుసుకుంటున్నాయి, ఆవిడ చూస్తూనే ఉన్నారట. ఇంకో చోటు వెతుకుదాం అన్నారు. చివరికి మా అమ్మమ్మ వాళ్ల మేడ కుదిరింది. పాత చీర మీద గుమ్మడి వడియాలు ఆరబెట్టి ఉంటాయి, నేను కాకుల్ని తోలుతుంటాను, కింద రోడ్డు చప్పుడు వినపడదు. ఈసారి చేతులు వెచ్చగానే ఉన్నాయి. గురువారం మొదలుపెడదాం అన్నారు. మా అమ్మకి ఇంకా చెప్పలేదు, చెప్తే "గడిచిపోయింది మళ్ళీ ఎందుకే" అంటుంది.

లెక్కల_సారు:
గురువారం ఎన్నింటికి? బండి మీద మాత్రం వెళ్లకమ్మా.

మలక్‌పేట_మేడ:
నాలుగింటికి సార్. మెట్రోలోనే, రెడ్ లైన్ డైరెక్టుగా ఉంది.