భీమవరంలో జోవాంథిడ్లు విచ్చుకోవడం లేదు: నీళ్లా, ఎండా, పురుగా?

ఉండి_రోడ్డు (భీమవరం):
అందరికీ నమస్కారం. మా రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో) ఎడమ వైపు రాయి మీదున్న ఆకుపచ్చ జోవాలు, అంటే పువ్వుల్లా విచ్చుకునే పగడాల్లాంటి జోవాంథిడ్ జీవులు, కొద్ది రోజులుగా ముడుచుకునే ఉంటున్నాయి. కుడి వైపున్న నారింజ రంగువి మాత్రం లైటు వేయగానే విప్పారుతున్నాయి. నీటి సాంద్రత 1.025, మధ్యాహ్నం వేడి 28 డిగ్రీలు. మా బాబాయి గారి వనామీ రొయ్యల చెరువుకు తోడే ఉప్పునీళ్లు ట్యాంకుకు వాడవచ్చా? ఇంకొకటి, జోవాల్లాంటిదే అయిన గోధుమ రంగు పాలిథోవా పక్కవాటిని కమ్మేస్తోంది. ఆ రాయి తీసి మరిగే నీళ్లు పోయమని ఒకరు చెప్పారు. పోయవచ్చా?

కాకినాడ_తీరం:
మరిగే నీళ్ల జోలికి వెళ్లకండి, దయచేసి. పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉండవచ్చు. 1971లో హవాయిలోని పాలిథోవా నుంచే దాన్ని మొదట వేరుచేశారు. మరిగిస్తే అది పోదు, ఆవిరితో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఇలా రాళ్లు మరిగించి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి. ఆ రాయిని బ్రష్షుతో రుద్దకండి, బ్లేడుతో గీకకండి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, రాయిని మిగతా వాటికి తగలకుండా ఇసుక మీద ఒంటరిగా పెట్టండి. అప్పుడు పాలిథోవా పక్కవాటి మీదికి పాకడానికి దారి ఉండదు. ఎప్పుడైనా నోట్లో లోహపు రుచి, ఛాతీలో బిగుతు, కళ్ల మంట అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పాలిథోవా తాకిన సంగతి డాక్టరుకు చెప్పండి.

చెరువుగట్టు (నరసాపురం):
నేను రొయ్యల రైతును. చెరువు నీళ్లు వద్దండి. సముద్రంలో ఉప్పు వెయ్యికి 35 పాళ్ల దాకా ఉంటుంది. మన చెరువుల్లో చాలాచోట్ల అంత ఉండదు. బోరు నీళ్లలో పొటాషియం, మెగ్నీషియం నిష్పత్తి కుదరకే కదా మేము మినరల్స్ బస్తాలు చల్లేది! పైగా చెరువులో మేత వ్యర్థాలు, అమ్మోనియా ఉంటాయి. రాగి కలిసిన మందు ఎవరైనా వాడి ఉంటే జోవాలకు చావే. అంతర్వేది దగ్గర పట్టుకొద్దామన్నా వరదల కాలంలో గోదావరి నీరు కలిసి ఉప్పు పడిపోతుంది, ఒండ్రు కూడా వస్తుంది. ఆర్వో నీళ్లలో రీఫ్ ఉప్పు కలుపుకోవడమే మేలు.

కోనసీమ_రీఫ్ (అమలాపురం):
నీళ్లు చెడితే రెండు రాళ్లూ ముడుచుకునేవి. ఒక్క రాయే అంటే నాకు పురుగు మీదే అనుమానం. లైట్లు ఆరిన గంట తరువాత టార్చి వేసి చూడండి. జోవాలు తినే న్యూడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త) బియ్యపు గింజంత ఉంటుంది. తిన్న పాలిప్ (గుంపులోని ఒక్కో జోవా) రంగే దాని ఒంటికి పట్టడంతో పగలు కనపడదు. సన్‌డయల్ నత్త అయితే పెంకు చదునుగా, మెట్లు మెట్లుగా, అంచున తెలుపు, గోధుమ రంగు గళ్లతో ఉంటుంది. పాలిప్‌ల కాడల మధ్య దూరి కూర్చుంటుంది. పట్టకారుతో తీసి, రాయిని అయోడిన్ డిప్‌లో (పురుగులు పోగొట్టే అయోడిన్ ద్రావణంలో) ముంచండి. గుడ్లు డిప్‌కు చావవు, కాబట్టి వారం తరువాత మళ్లీ ముంచాలి.

వేడి కూడా 26 దగ్గరికి తెండి. నీటి మీదికి ఫ్యాను పెట్టండి. మన తీరపు ఉక్కలో దాని ప్రభావం తక్కువే అయినా కొంత దిగుతుంది. ఆవిరైనంత మేరకు మంచి ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. నైట్రేట్ సున్నా చేయాలని తాపత్రయపడకండి. 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు) మధ్య ఉంటేనే జోవాలు కళకళలాడతాయి.

ఉండి_రోడ్డు:
రాత్రి చూశాను. రాయి అడుగున గళ్ల అంచున్న నత్తలు రెండు దొరికాయి! పైవరసలోని పాలిప్‌లు అప్పుడే కొద్దిగా విచ్చుకుంటున్నాయి. కాడల మొదట్లో జిగురు ముద్దలా ఏదో ఉంది, గుడ్లేనా?

కోనసీమ_రీఫ్:
చాలావరకు అవే. తొడుగులు వేసుకుని, రాయిని నీళ్లలోనే ఉంచి, పట్టకారుతో లాగేయండి. బయటికి తీసి గీకవద్దు.