బీబీసీ మైక్రో: రిఫా కెపాసిటర్లు మారిస్తే ఇంక ఒరిజినల్ కాదా?

కోఠీ_టంకం: 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్లకిచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ ఒకటి దొరికింది. పవర్ సప్లై ఎవరూ విప్పినట్టు లేదు. లోపలి రిఫా కెపాసిటర్లు మారిస్తే విలువ పడిపోతుందంటున్నారు. ఆన్ చేసి చూడొచ్చా?

పాతబోర్డు: చేయకండి. సప్లైలో 0.1, 0.01 మైక్రోఫారడ్‌ల రిఫా కంపెనీ ఎక్స్2 కెపాసిటర్లుంటాయి, అంటే నేరుగా మెయిన్స్ కరెంటు మీద పెట్టే రకం. పైన గాజులాంటి పూతకు బీటలొచ్చి లోపలి కాగితానికి తేమ పడుతుంది. 230 వోల్టులు తగిలాక ఎప్పుడైనా ఢామ్మనొచ్చు, గదంతా కంపు. అడుగున మూడు స్క్రూలు తీస్తే సప్లై బయటికొస్తుంది. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, ముందు మీటరు పెట్టండి. కొత్తవి 275 వోల్టుల ఏసీ ఎక్స్2 రకమే కావాలి. కోఠీ గుజరాతీ గల్లీ షాపుల్లో "రెండూ ఒకటే సార్" అని 400 వోల్టుల డీసీది ఇస్తే పట్టుకురావద్దు. పాత కెపాసిటర్ కాళ్ల మధ్య దూరం కొలుచుకుని వెళ్లండి.

పచ్చతెర: అట్లయితే నేను కొత్త టీవీకి తగిలించేందుకు కేసు వెనక హెచ్‌డీఎంఐకి రంధ్రం కొడితే మాత్రం ఎందుకన్నా అంత లొల్లి?

పాతబోర్డు: కలర్ మానిటర్ కోసం ఆరు పిన్నుల ఆర్‌జీబీ సాకెట్ ఉండనే ఉంది. దాన్ని హెచ్‌డీఎంఐగా మార్చే ఆర్‌జీబీటూహెచ్‌డీఎంఐ బోర్డు బయటే తగిలించొచ్చు. రంధ్రం దేనికి?

పచ్చతెర: వైర్లు వేలాడుతుంటే నాకు నచ్చదు. మీరు మారిస్తే రిపేరు, నేను మారిస్తే పాపమా?

డిస్క్‌మామ: మళ్లీ మొదలెట్టిండ్రు.

పాతబోర్డు: పీకిన కెపాసిటర్ కవర్లో దాచుకోవచ్చు. కోసిన ప్లాస్టిక్ అతుక్కుంటుందా? ఇంతకన్నా ఎలా చెప్పాలి తమ్ముడూ!

పచ్చతెర: కోపం వద్దన్నా. "నూరు శాతం ఒరిజినల్" అంటే నమ్మి ఒకరి దగ్గర కొన్నా. విప్పితే సప్లై బోర్డే కొత్తది. కేసు ముట్టలేదు కాబట్టి ఒరిజినలేనట! నేను రంధ్రం ఫొటో పెట్టే అమ్ముతా. మీ మొన్నటి అమ్మకం పోస్టులో కెపాసిటర్ల మాట ఉందా?

పాతబోర్డు: అవి అందరూ మార్చేవే. రాయాల్సిన పని లేదు.

పచ్చతెర: నా గొడవంతా అదే. రంధ్రం సంగతి వదిలేయండి.

డిస్క్‌మామ: ఈ ఒక్కటి తమ్ముడు కరెక్టే. ఏ భాగం ఎప్పుడు మార్చారో రాసిస్తే కొనేవాడే తేల్చుకుంటాడు.

పాతబోర్డు: రాస్తే అదే సాకుతో సగం ధరకు అడుగుతారు. మీరు కొంటారా?

కోఠీ_టంకం: మీ గొడవ తర్వాత. సప్లైలోని సీ9 కెపాసిటర్ కూడా ఇప్పుడే మార్చేయాలా?

పాతబోర్డు: ఎలాగూ విప్పారుగా, వేసేయండి. 220 మైక్రోఫారడ్, 10 వోల్టులు. సప్లై స్టార్ట్ కాకుండా మొరాయిస్తే ముందు అనుమానించేది దాన్నే. ప్లస్, మైనస్ చూసుకోండి.