స్టార్చ్ కలిపిన మల్చింగ్ షీటు నేలలో కలిసిపోతుందా?

ప్రశ్న (కళ్యాణదుర్గం రైతు):
డ్రిప్ మీద టమాటా, కళింగర వేస్తాం. పంట అయ్యాక మల్చింగ్ షీటు (సాళ్ల మీద పరిచే ప్లాస్టిక్ పొర) ఏరడం పెద్ద కష్టం. మిగిలిన ముక్కలు సేద్యం చేసినప్పుడల్లా పైకి తేలుతాయి, మేకలు తింటాయి. ఇప్పుడు దుకాణంలో మొక్కజొన్న స్టార్చ్ కలిపిన షీటు వచ్చింది. ఏరే పని లేదు, కరిగిపోతుంది అంటున్నారు. అయోడిన్ చుక్క వేసి నీలంగా మారడం కూడా చూపించారు. ధర కొంచెమే ఎక్కువ. కొనవచ్చా?

జవాబు (కర్నూలు, ఫిల్మ్ యంత్రాల మీద పనిచేసినవాడిని):
తొందరపడకండి. నీలం రంగు వస్తే స్టార్చ్ ఉన్నట్టే. మిగతాది ఏమిటన్నదే అసలు ప్రశ్న. అది పాలిథిన్ అయితే సూక్ష్మజీవులు తమకు అందిన స్టార్చ్‌ను తినేస్తాయి, పాలిథిన్ జల్లెడలా మిగిలి పొడిపొడి అవుతుంది. 1970లలో బ్రిటన్‌లో గ్రిఫిన్ అనే పరిశోధకుడు పాలిథిన్‌లో స్టార్చ్ కలపడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కే ఇది. పైగా స్టార్చ్ నీటిని పీల్చుకుంటుంది, పాలిథిన్‌కు నీరు పడదు. రెండూ సరిగా అతుక్కోవు కాబట్టి స్టార్చ్ పెరిగేకొద్దీ షీటు బలం తగ్గుతుంది. మామూలు షీటునైతే చేత్తో ఏరగలరు. ఈ పొడిని ఎవరు ఏరగలరు? రైతుకు దీన్ని కరిగిపోయేదని అమ్మడం అన్యాయం.

ప్రశ్న అడిగిన రైతు:
నిజంగా కుళ్లేది లేదా అండీ?

జవాబు (కర్నూలు):
ఉంది. స్టార్చ్‌ను గ్లిసరాల్‌తో వేడిచేసి మెత్తబరిచి, పాలిథిన్‌కు బదులు పీబీఏటీ అనే మరో రకం ప్లాస్టిక్‌తో కలుపుతారు. దాన్నీ సూక్ష్మజీవులు తింటాయి. కానీ ధర బాగా ఎక్కువ. మీకు కొంచెమే ఎక్కువ అన్నారంటే నాకు అక్కడే అనుమానం. ‘కంపోస్టబుల్’ ముద్ర చూసి కూడా నమ్మవద్దు. ఆ ముద్రకు మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 17088. దాని పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కుప్పకు సంబంధించినది, చేనుకు కాదు. మల్చింగ్‌కు యూరప్‌లో ఈఎన్ 17033 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం షీటులోని కార్బన్‌లో 90 శాతం మట్టిలో 2 ఏళ్లలోపు కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ పరీక్ష పత్రం అడగండి. అది ఉన్నా, తేమ లేని మన నేలల్లో ఇంకా ఆలస్యం అవుతుంది.

జవాబు (పులివెందుల, అరటి రైతు):
మేము మామూలు పాలిథిన్ షీటే ఇంకాస్త మందంది వేస్తున్నాం. చిరగకుండా చుట్టుకొని వస్తుంది. మీ వైపు వేరుశనగ పొట్టు దొరుకుతుంది కదా, ముందు కొన్ని సాళ్లలో అది పరిచి చూడండి. చెదలు పట్టకుండా మొదళ్లకు కాస్త ఎడంగా వేయాలి.