జపాన్ క్లయింట్‌కి "ఇంకా తెలియదు" అని ఎలా చెప్పాలి?

హైదరాబాద్ నుంచి జపాన్ క్లయింట్‌కి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాం. ప్రతి శుక్రవారం ఉదయం 11కి (వాళ్లకు మధ్యాహ్నం 2:30) కాల్. "బహుశా 20కి అయిపోతుంది" అంటే చాలు, బహుశా ఎందుకు, కాకపోతే ఏం చేస్తారు అని ప్రశ్నలు మొదలవుతాయి. ఆలస్యమైతే పనికొస్తాయని అదనంగా 5 రోజులు కలిపి తేదీ ఇస్తే ఆ 5 రోజుల లెక్క అడిగారు. రిస్కులన్నీ ఎక్సెల్‌లో 12 వరుసలుగా పంపితే, ప్రతిదానికీ తేదీ కావాలన్నారు.

దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చే హాఫ్‌స్టెడ్ సూచీలో అనిశ్చితిని తప్పించుకునే ధోరణి జపాన్‌కు 92, మనకు 40 అని చదివాక వాళ్ల టెన్షన్ అర్థమైంది. తప్పు వాళ్లది కాదు. కానీ వేరే టీమ్ ఇవ్వాల్సిన ఫైల్ ఎప్పుడొస్తుందో నాకే తెలియదు, అబద్ధపు తేదీ చెప్పడం ఇష్టం లేదు.

జపాన్ వాళ్లతో పనిచేసినవారు చెప్పండి: నిజంగా తెలియని తేదీ గురించి వాళ్లు నమ్మేలా ఏ మాటల్లో చెబుతారు?