స్కూలు వ్యానులో డీపీఎఫ్ లైటు మళ్లీ మళ్లీ వెలుగుతోంది: ఫిల్టర్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: వ్యాను యజమాని, గుంటూరు

అందరికీ నమస్కారం. నా దగ్గర 2021 మోడల్ బీఎస్-6 డీజిల్ వ్యాను ఉంది. ఉదయం, సాయంత్రం ఊళ్లోనే పిల్లలను ఎక్కించుకుని దించడం తప్ప దానికి వేరే పని లేదు. ప్రతి వీధి మలుపులో ఆగుతుంది, బడి గేటు ముందు ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా నిలబడుతుంది. కొంతకాలంగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి ఆపే ఫిల్టర్) లైటు వెలుగుతోంది. ఈ మధ్య దానికి చెక్ ఇంజిన్ లైటు కూడా తోడై, ఫ్లైఓవర్ ఎక్కడానికే బండి మొరాయిస్తోంది. లైటు రాకముందు నుంచే పికప్ తగ్గిందని మా డ్రైవర్ అంటున్నాడు. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి రీజెనరేషన్ (ఫిల్టర్‌లోని మసిని వేడితో కాల్చేయడం) చేశారు గానీ కొద్ది రోజులకే సమస్య తిరిగి వచ్చింది. ఇప్పుడు ఫిల్టర్ మొత్తం మార్చాలంటున్నారు, దాని ధర వింటే కళ్లు తిరిగాయి. బయట షెడ్డులో ఒకాయన ఫిల్టర్ లోపలి తేనెపట్టులాంటి భాగం తీసేసి, ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ప్రోగ్రామ్ మారిస్తే జీవితంలో లైటు రాదని చెబుతున్నాడు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, డీజిల్ వాసన వస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: డీజిల్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

అన్నగారూ, ఫిల్టర్ మార్చే ముందు అందులో నిండింది మసా, బూడిదా, లేక అసలు ఏమీ నిండకుండానే సెన్సర్ తప్పు చెబుతోందా అన్నది తేల్చుకోవాలి. మసి కాలిపోతుంది. ఇంజిన్ ఆయిల్‌లోని రసాయనాలు మండగా మిగిలే బూడిద మాత్రం ఎన్ని రీజెనరేషన్లు చేసినా కాలదు, ఫిల్టర్ విప్పి శుభ్రం చేయాల్సిందే. స్కానర్ చూపిన లోపం కోడ్ కాగితం ఇవ్వకుండా ‘ఫిల్టర్ పోయింది’ అనే సర్వీస్ సెంటర్ మాటను నేనైతే లెక్కలోకి తీసుకోను. పీ2463 వస్తే మసి పేరుకుందని, పీ242ఎఫ్ వస్తే బూడిద పేరుకుందని, పీ2453 వస్తే ఒత్తిడి సెన్సర్ రీడింగ్ సరిగా లేదని అర్థం.

ఆ సెన్సర్ నుంచి సన్నటి గొట్టాలు రెండు ఫిల్టర్‌కు ముందొకటి, వెనకొకటి వెళ్తాయి. వేడికి వాటి చివరలు పెళుసెక్కి చీలుతాయి, లేదా లోపల మసి గడ్డకట్టి మూసుకుపోతాయి. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో చూసినప్పుడు రెండు వైపుల ఒత్తిడి తేడా సున్నాగానో, సున్నాకు అతి దగ్గరగానో ఉండాలి. అలా లేకపోతే ముందు సెన్సర్ సంగతి చూడండి. తరువాత ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లోనూ, ఆర్‌పీఎమ్ పెంచీ రీడింగ్ తీసి, మీ మోడల్ మాన్యువల్‌లోని విలువలతో పోల్చమనండి. రీజెనరేషన్ ముగిసిన వెంటనే కూడా ఒత్తిడి ఎక్కువగానే ఉంటే బూడిదను అనుమానించాలి. బాగా దిగి, కొద్ది రోజుల్లోనే మళ్లీ పెరిగితే ఫిల్టర్ బాగానే ఉన్నట్టు, ఇంజిన్ అతిగా మసి వదులుతున్నట్టు.

మీ డ్రైవర్ చెప్పిన మాట నాకు చాలా ముఖ్యంగా తోస్తోంది. పాత బండ్లలో టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఎక్కడైనా లీకైతే వెనక నల్లపొగ వచ్చి సంగతి బయటపడేది. ఇప్పుడు ఆ పొగనంతా ఫిల్టర్ మింగేస్తుంది కనుక పికప్ తగ్గడం, మసి త్వరగా నిండడం తప్ప మరో గుర్తు కనిపించదు. కాబట్టి టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు పైపులను అడుగు వైపు కూడా చేత్తో తడిమి చూడండి. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఇంజెక్టర్లు ఆ తరువాత చూద్దాం.

ఆయిల్ మాత్రం వెంటనే మార్చండి. రీజెనరేషన్ కోసం ఈసీయూ ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్మి, ఫిల్టర్ దగ్గర వేడిని దాదాపు 600 డిగ్రీలకు తెస్తుంది. ఆ పని మధ్యలోనే బండి ఆపేస్తూ ఉంటే అది పదే పదే మొదలవుతుంది, సిలిండర్ గోడలకు అంటిన డీజిల్ కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే టర్బో, బేరింగులు దెబ్బతింటాయి.

జవాబు: ట్రావెల్స్ సూపర్‌వైజర్, హైదరాబాద్

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. మా స్టాఫ్ వ్యాన్లదీ ఇదే పరిస్థితి కనుక డ్రైవర్లకు గుర్తులు నేర్పించాము. ఐడిల్ కాస్త పెరగడం, బండి నిలిపినా రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరగడం, కాలిన వేడి వాసన రావడం గమనిస్తే రీజెనరేషన్ నడుస్తోందని గ్రహించి, అది ముగిసేదాకా తాళం తీయకూడదు. వారానికొకసారి మీరు విజయవాడ హైవే మీద ఇరవై, ముప్పై నిమిషాలు నిలకడైన వేగంతో నడిపిస్తే చాలావరకు మసి దానంతట అదే కాలిపోతుంది. ఎండుగడ్డి మీద మాత్రం బండి ఆపకండి, ఆ వేడికి నిప్పంటుకుంటుంది.

ఆయిల్ పోసేటప్పుడు డబ్బా మీద గ్రేడు చూడండి. బూడిద తక్కువ వదిలే రకం కావాలి, మాన్యువల్‌ను బట్టి అది ఏసీఈఏ సీ3 గానీ ఏపీఐ సీకే-4 గానీ కావచ్చు. చవగ్గా వస్తుందని పాత లారీల్లో వాడే సీఐ-4 ప్లస్ పోస్తే బూడిద తొందరగా నిండుతుంది. వాటర్ సర్వీసింగ్ వాళ్ల దగ్గర ప్రెషర్ గన్‌తో ఫిల్టర్ కడిగించే ఆలోచన కూడా వద్దు. ఆ ధాటికి పింగాణీ గోడలు పగలవచ్చు. శుభ్రం చేసేవారు తూకం వేసి, కొలిమిలో కాల్చి, పొగ బయటికి పోయే వైపు నుంచి గాలి కొట్టి, మళ్లీ తూకం వేసి చూపించాలి.

జవాబు: డెలివరీ వ్యాన్ డ్రైవర్, బర్మింగ్‌హామ్

మాది తెనాలి, ఇక్కడ వ్యాన్ నడుపుతాను. తేనెపట్టు తీసేసే మాట వినకండి. బ్రిటన్‌లో ఫిల్టర్ తొలగించిన బండి 2014 ఫిబ్రవరి నుంచి వార్షిక ఎంఓటీ పరీక్షలో తప్పుతుంది. ఫిల్టర్ ఉన్న బండి నుంచి ఏ రంగు పొగ కనిపించినా ఫెయిల్ చేసే నిబంధన 2018 మేలో వచ్చింది. మన దేశంలోనూ కంపెనీ బిగించిన అమరికను ఇష్టం వచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. పైగా మీది బడి వ్యాను, ఆ మసి మొదట పీల్చేది గేటు దగ్గర నిలబడ్డ పిల్లలే. ఇంజిన్ చల్లారాక సైలెన్సర్ కొసలో వేలు పెట్టి తుడిచి చూడండి. నల్లటి మసి దట్టంగా అంటితే ఫిల్టర్ పగిలిందేమోనని చూపించాలి. వేలు దాదాపు శుభ్రంగా వస్తే అది తన పని చేస్తోందన్నమాటే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కోడ్ పీ2463 ఒక్కటే వచ్చింది. తాళం ఆన్‌లో పెట్టి చూస్తే ఒత్తిడి సున్నా ఉంది. సైలెన్సర్ కొస వేలికి అంటలేదు. ఇంటర్‌కూలర్ పైపు అడుగున క్లిప్పు పక్కన ఆయిల్ తడి కనిపించింది, పైపు వంచితే సన్నటి చీలిక తెరుచుకుంది. అది మార్చి, ఆయిల్ కూడా మార్చించి, రీజెనరేషన్ చేయించాను. పికప్ వచ్చింది. ఇక ఫిల్టర్ విప్పనవసరం లేదా?

జవాబు: డీజిల్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

ఇప్పుడే విప్పకండి. ఇవాళ్టి ఒత్తిడి రీడింగ్‌ను కిలోమీటర్లతో సహా రాసి పెట్టుకోండి. వచ్చే సర్వీసులో రీజెనరేషన్ అయిన వెంటనే మళ్లీ తీయించి, ఇంతకంటే బాగా పెరిగి ఉంటేనే బూడిద శుభ్రం చేయించే సంగతి చూద్దాం. అప్పటిదాకా వారానికొకసారి డిప్‌స్టిక్ తీసి చూడమని డ్రైవర్‌కు చెప్పండి. ఆయిల్ మళ్లీ గీత దాటి పైకి వస్తుంటే బండిని నా దగ్గరకు పంపండి.