‘రోబో’ను ‘మరమనిషి’ అనొచ్చా?

పలకాబలపం:
మా బడి గోడపత్రిక కోసం సైన్స్ పదాల పట్టిక రాస్తున్నాను. ‘రోబో’ ఎదురుగా ‘మరమనిషి’ అని రాస్తే తోటి మాస్టారు ఒప్పుకోలేదు. ఈ మాట పుట్టిన నాటకంలో రోబోలు అసలు మరలే కావంటారాయన. వెతికి చూస్తే నిజమే. చెక్ రచయిత కరెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ 1920లో అచ్చయింది. అందులో ఒక ఫ్యాక్టరీ. కాలేయాలకూ మెదళ్లకూ తొట్లు, నరాలు వడకడానికి మిల్లు. అక్కడ తయారయ్యే పనివాళ్లకే రోబోలని పేరు. కృత్రిమంగా చేసిన రక్తమాంసాలు వాళ్లవి, చూడ్డానికి అచ్చం మనుషులే. ఇప్పుడు ‘మరమనిషి’ ఉంచాలా, కొట్టెయ్యాలా? పిల్లలకు తప్పు నేర్పడం ఇష్టం లేక అడుగుతున్నాను.

నల్లమల:
ఉంచండి. ‘మర’ బతికున్న మాట. పిండిమర, మరమగ్గం, మరపడవ అని రోజూ అంటూనే ఉన్నాం. ‘మరమనిషి’ అనగానే మూడో తరగతి పిల్లాడికి కూడా బొమ్మ కళ్ల ముందు కడుతుంది. పుట్టినప్పుడు ఏ అర్థం ఉందో ఇప్పుడూ అదే ఉండాలంటే మనం నూనె అనే మాటే వాడలేం. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. ఇప్పుడు కొబ్బరినూనె, వేరుశనగ నూనె అంటుంటే ఎవరైనా తప్పు పడుతున్నారా?

మూసీగట్టు:
నల్లమల గారూ, నూనె సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ మాట అలా తేలిగ్గా వదిలేసేది కాదు. చెక్ భాషలో ‘రొబోటా’ అంటే రైతు తన భూస్వామి పొలంలో కూలి లేకుండా చేసి తీరాల్సిన పని. అంటే మన వెట్టి. వాళ్లను ఏలిన మహారాణి మరియా తెరిసా 1775లో దాన్ని వారానికి మూడు రోజులకు మించకుండా కట్టడి చేసింది. పూర్తిగా పోయింది 1848లో. చాపెక్ పుట్టింది 1890లో. అంటే ఆ పని చేసిన ముసలివాళ్లు ఇంకా ఊళ్లో ఉన్న రోజులన్నమాట.

మా తాత నైజాం కాలంలో వెట్టి చేసినవాడు. దొర బండి కదిలితే ముందు పరుగెత్తడం ఆయన పని. బండి ఎక్కడ ఆగితే అక్కడ ఎద్దులకు నీళ్లు పెట్టాలి, తాను తాగడం ఆ తర్వాతే. ముసలితనంలో కూడా వాకిట్లో బండి చప్పుడైతే మంచం మీంచి లేచి నిలబడేవాడు. నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. అందుకే నాకు ‘రోబో’ అన్న మాటలో లోహం కనిపించదు, ఆ నిలబడటమే కనిపిస్తుంది. ‘మరమనిషి’ అంటే వాడు దేంతో చేసినవాడో తెలుస్తుంది. ఎవరికి కట్టుబడ్డవాడో తెలియదు. చాపెక్ పేరు పెట్టింది ఆ రెండోదాన్ని చూసి.

నల్లమల:
మీ తాతగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నా మాట చెప్పాలి. ఇవాళ కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే ఇనుప చేతికి ఆకలీ లేదు, అవమానమూ లేదు. దానికి వెట్టి పేరు తగిలిస్తే వెట్టి చేసిన మనుషుల బాధ చిన్నదైపోతుందని నా భయం. పైగా ఆ మాట ఎప్పుడో చెక్ నేల దాటింది. అమెరికా సైన్స్ కథల రచయిత ఐజాక్ అసిమోవ్ 1941లో ఒక కథలో ‘రోబోటిక్స్’ అని రాశాడు. ఫిజిక్స్ లాగా అదీ అప్పటికే ఉన్న మాటే అనుకున్నాడు, తానే పుట్టించానని తర్వాత తెలిసింది. ఇరవై ఏళ్లలోనే అంత దూరం వెళ్లిపోయింది.

ఒక్క చిక్కు మాత్రం నేనూ ఒప్పుకోవాలి. ‘మనిషి’ దగ్గర వస్తుంది ఇబ్బంది. 2023లో చంద్రుడి మీద ఆరు చక్రాలతో నడిచిన ప్రజ్ఞాన్ కూడా రోబోనే. దాన్ని మరమనిషి అనలేం.

అచ్చుతప్పు:
ఇంకో సంగతి. ఆ మాట కరెల్‌ది కాదు, వాళ్లన్న యోసెఫ్‌ది. 1933లో కరెలే ఒక పత్రికలో రాశాడు. యోసెఫ్ చిత్రకారుడు. బొమ్మ వేస్తుంటే తమ్ముడు వెళ్లి, ఈ పనివాళ్లకు లాటిన్ మాట నుంచి ‘లబోరి’ అని పెడదామనుకుంటున్నాను గానీ మరీ పుస్తకాల భాషలా ఉందన్నాడట. నోట్లో కుంచె పెట్టుకునే అన్న గొణిగాడు, అయితే ‘రోబోలు’ అను, అని. అని మళ్లీ బొమ్మలో పడిపోయాడు. పుస్తకాల భాషను వద్దనుకుని జనం నోట్లో ఉన్న మాట వైపు వెళ్లారు చూడండి, నాకు అది ముఖ్యం. ఆ లెక్కన జనం నోట నానిన ‘మరమనిషి’ని కొట్టెయ్యడం నాకు నచ్చదు. ‘రోబో’ కూడా ఇప్పుడు జనం మాటే. రెండూ ఉండనివ్వండి.

(‘అవతార్’ మీద కూడా ఇలాంటి చర్చ పెట్టాలి. మన అవతారం 1980లలో కంప్యూటర్ గేముల్లోకి వెళ్లి, చివరి సున్నా పోగొట్టుకుని తిరిగొచ్చింది.)

మూసీగట్టు:
రెండూ ఉంటే నాకు అభ్యంతరం లేదు. వెట్టి అన్న మాట మాత్రం ఆ పట్టికలో ఎక్కడో ఒకచోట పడాలి. మన దేశంలో వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. ఆ పిల్లల తాతల్లో ఎవరో ఒకరికి అది తెలిసే ఉంటుంది. వాళ్లను అడిగి రమ్మనండి.

పలకాబలపం:
ఇలా మార్చాను, చూడండి:

‘రోబో: చెప్పిన పని తనంతట తాను చేసే యంత్రం. మనిషి ఆకారంలో ఉంటే మరమనిషి అంటాం. చెక్ భాషలో రొబోటా అంటే వెట్టి. ఆ మాటను యోసెఫ్ చాపెక్ సూచించగా, తమ్ముడు కరెల్ 1921లో నాటకంలో వాడాడు. వెట్టి గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి నాలుగు వాక్యాలు రాసుకు రండి.’

అచ్చుతప్పు:
1921 ప్రాగ్‌లో ప్రదర్శించిన ఏడాదండీ. పుస్తకం 1920 అని మీరే పైన రాశారు. ‘వాడాడు’ అంటున్నారు కాబట్టి 1920 వెయ్యండి. మిగతాదంతా బాగుంది.